బైకుకి స్ప్రింగు సీటు సొంతంగా చేసుకోవడం: లెక్క దగ్గర్నుంచి బిగింపు దాకా

దూరాలు తిరిగేవాళ్లకి నడుం నొప్పి మొదలవగానే చాలామంది చేసే మొదటి పని సీటు మీద ఇంకో పొర ఫోమ్ వేయించడం. మొదటి గంట హాయిగానే ఉంటుంది, ఆ తర్వాత ఫోమ్ అణిగిపోయి మళ్లీ పాత కథే. ఫోమ్ పని ఒత్తిడిని పరచడం, అంటే మీ బరువంతా పిరుదుల కింది రెండు ఎముకల మీదే పడకుండా చుట్టూ సర్దడం. గుంతలో పడ్డప్పుడు కింది నుంచి వచ్చే తన్ను తగ్గాలంటే మాత్రం సీటు కిందికి కదలడానికి కొంత దూరం కావాలి, ఆ దూరాన్ని ఇచ్చేది స్ప్రింగు. ఇక్కడ ఒక విషయం మొదటే మనసులో పెట్టుకోండి: స్ప్రింగు సీటులో సుఖం మెత్తదనంతో రాదు. మీ బరువుకి లెక్కగట్టిన స్ప్రింగు, సరైన చోట ఆపే రబ్బరు, ఈ రెండూ కుదిరితేనే వస్తుంది. చేత్తో నొక్కితే భలే మెత్తగా ఉందని పెట్టిన స్ప్రింగు మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే అడుగుకి కొడుతుంది, ఆ దెబ్బ మామూలు సీటు కంటే గట్టిగా తగులుతుంది.

వెనక షాకులు లేని ఫ్రేముకి ఈ సీటు తప్పనిసరి లాంటిది. హార్లీ డేవిడ్‌సన్ పెద్ద బైకులకి వెనక సస్పెన్షన్ 1958లో డ్యుయో గ్లైడ్‌తో వచ్చింది, అంతకుముందు దశాబ్దాల పాటు నడిపేవాళ్ల నడుముని కాపాడింది ఫ్రేమ్ గొట్టంలో స్ప్రింగులు దాచిన సీటు పోస్టే. షాకులున్న బైకుకి కూడా స్ప్రింగు సీటు ఉపయోగపడుతుంది, కాకపోతే ముందుగా టైర్లలో గాలి, షాకుల సెట్టింగ్ సరిచూసుకోండి. పట్టేసిన షాకుని అలాగే ఉంచి దాని లోటు సీటుతో పూడ్చాలని చూడకండి. ఇంకోటి, ఇక్కడ చెప్పేది ఒక్కరు కూర్చునే సీటు. వెనక ఇంకొకరిని ఎక్కించుకోవాలంటే వాళ్లకి ఫ్రేమ్ మీద విడిగా సీటు ఉండాలి.

స్ప్రింగు సీట్లు రకరకాలుగా కట్టొచ్చు. ఇంట్లో చేసుకునేవాళ్లకి నా ఓటు ఒక్కదానికే: ముందు ముక్కు దగ్గర కీలు, వెనక రెండు కుదింపు స్ప్రింగులు. నాలుగు మూలలా నాలుగు స్ప్రింగులు పెట్టి కీలు లేకుండా కడితే సీటు పక్కలకి కూడా ఊగుతుంది, మలుపులో బైకు ఒకవైపు, మీరు ఒకవైపు అన్నట్టుంటుంది. ముందు కీలు ఉంటే కదలిక పైకీ కిందికీ మాత్రమే.

స్థలం కొలవడం

కొనడం, కొయ్యడం ఏదీ మొదలుపెట్టకముందే పాత సీటు విప్పి చూడండి. కీలు ఎక్కడ పెట్టగలరు, స్ప్రింగులు కూర్చోడానికి ఫ్రేమ్ అడ్డగొట్టం ఎక్కడుంది, ఆ గొట్టానికీ సీటు అడుగుకీ మధ్య ఎంత ఎత్తు దొరుకుతుంది, ఇవే కావాలి. బ్యాటరీ, వైరింగ్, ఎయిర్ ఫిల్టర్ మూత ఆ దారిలో ఉన్నాయేమో చూడండి.

అసలు ప్రమాదం వెనక చక్రం దగ్గర ఉంటుంది. సీటు పూర్తిగా కిందికి దిగినప్పుడే చక్రం కూడా పూర్తిగా పైకి వస్తే రెండూ తగలకూడదు. దీన్ని అంచనాతో వదిలేయకండి. బైకుని గట్టి స్టాండ్ మీద నిలబెట్టి, షాకులు విప్పి, చక్రాన్ని చేత్తో, షాకు పూర్తిగా అణిగితే వచ్చే చివరి పాయింటు దాకా ఎత్తి అక్కడ ఆపు పెట్టండి. అప్పుడు మడ్‌గార్డ్ ఎక్కడికొచ్చిందో అక్కడి నుంచి కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, సీటు అడుగు ఆగాల్సిన చోటు గుర్తు పెట్టుకోండి. షాకు లోపలి రబ్బరు దెబ్బకి ఇంకాస్త అణుగుతుంది కాబట్టే ఆ 20. షాకులు లేని ఫ్రేమ్ అయితే ఈ బాధ లేదు, మడ్‌గార్డ్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

స్ప్రింగు లెక్క

చాలామంది ఈ భాగం దాటేసి స్క్రాప్‌లో దొరికిన స్ప్రింగు పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, లెక్క ఏమంత కష్టం కాదు.

మొదట సీటు మీద నిజంగా ఎంత బరువు పడుతుందో తెలియాలి. మీ బరువంతా సీటు మీద పడదు, కొంత ఫుట్‌రెస్టుల మీదికి, కొంత హ్యాండిల్ మీదికి పోతుంది. ఒక బల్ల మీద బాత్‌రూమ్ బరువు మిషన్ పెట్టి దాని మీద కూర్చోండి, కాళ్ల కింద ఫుట్‌రెస్టుల ఎత్తు వచ్చేలా ఇటుకలు పేర్చి పాదాలు వాటి మీద ఉంచండి, ముందు ఏదైనా కర్రని హ్యాండిల్ ఎత్తులో పట్టుకోండి. మిషన్ చూపించేదే మీకు కావాల్సిన అంకె. రైడింగ్ జాకెట్, బూట్లు, వీపు బ్యాగు అన్నీ వేసుకునే కూర్చోండి. 75 కిలోల మనిషికి 60 కిలోల దగ్గర వచ్చిందనుకుని ముందుకి వెళ్దాం.

తర్వాత, మీరు కూర్చోగానే సీటు ఎంత అణగాలి? నిలువుగా వచ్చే కుదుపుల్లో మన ఒంటికి ఎక్కువ బాధ కలిగించేవి సెకనుకి సుమారు 4 నుంచి 8 సార్లు వచ్చేవి. స్ప్రింగు మీద కూర్చున్న మనిషికి సొంతంగా ఒక ఊగే వేగం ఉంటుంది, దాన్ని తెలుసుకోవడం చాలా తేలిక: మీ బరువుకి సీటు అణిగిన మిల్లీమీటర్ల వర్గమూలంతో 15.8ని భాగించండి. 10 మిల్లీమీటర్లు అణిగితే సెకనుకి 5 సార్లు. 20 అణిగితే 3.5. 40 అణిగితే 2.5. స్ప్రింగు తన సొంత వేగానికి దాదాపు 1.4 రెట్లు దాటిన కుదుపుల్నే తగ్గిస్తుంది, సొంత వేగం దగ్గర వచ్చేవాటిని తగ్గించకపోగా పెంచుతుంది. అంటే 10 మిల్లీమీటర్లే అణిగే గట్టి స్ప్రింగు, ఒళ్లు ఎక్కడ తట్టుకోలేదో సరిగ్గా అక్కడే కుదుపుని పెంచి మీకు అందిస్తుంది! గట్టి స్ప్రింగు వేసుకున్నవాళ్లు మామూలు సీటే నయం అనడానికి కారణం ఇదే. 40 మిల్లీమీటర్లు అణిగేది కాగితం మీద ఇంకా బాగుంటుంది కానీ దానికి సరిపడా కింద ఖాళీ దొరకదు, పైగా 2, 2.5 దగ్గరకొస్తే బైకు షాకులు ఊగే వేగంతో కలిసిపోయి రెండూ కలిపి మిమ్మల్ని ఎగరేస్తాయి. అందుకే నేను 20 దగ్గర ఆగుతాను. అప్పుడు సెకనుకి 5 సార్లు దాటిన కుదుపులన్నీ తగ్గుతూ వస్తాయి, సింగిల్ సిలిండర్ ఇంజిను వైబ్రేషన్ అయితే సీటు దాకా దాదాపు రాదు (4000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకి 66 సార్లు పైనే).

ఇప్పుడు మీట లెక్క. కీలు నుంచి స్ప్రింగుల దాకా 300 మిల్లీమీటర్లు, కీలు నుంచి మీరు కూర్చునే ఎముకల దాకా 210 అనుకుందాం. 60 కిలోల్ని 210తో గుణించి 300తో భాగిస్తే 42, అంటే స్ప్రింగుల మీద పడేది 42 కిలోలు, ఒక్కోదాని మీద 21. మీ కింద సీటు 20 మిల్లీమీటర్లు దిగితే స్ప్రింగు దగ్గర 20ని 210తో భాగించి 300తో గుణించినంత, అంటే 29 దాకా దిగుతుంది. 21ని 29తో భాగిస్తే 0.72. మీకు కావాల్సింది మిల్లీమీటరుకి 0.72 కిలోల స్ప్రింగులు రెండు. మీ బైకు కొలతలు వేరైతే ఇదే వరసలో మీ అంకెలు పెట్టుకోండి.

స్ప్రింగు గట్టిదనం తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. స్ప్రింగు స్టీలుకి సూత్రం ఇది: 8000 × (మందం × మందం × మందం × మందం), దాన్ని 8 × (వ్యాసం × వ్యాసం × వ్యాసం) × పనిచేసే చుట్ల సంఖ్యతో భాగించాలి. మందం అంటే తీగ మందం, పనిచేసే చుట్లంటే రెండు చివర్లా మూసినవి కాకుండా మిగిలినవి. కొలతలు మిల్లీమీటర్లలో ఉంటే జవాబు మిల్లీమీటరుకి ఇన్ని కిలోలు అని వస్తుంది. వ్యాసం అంటే తీగ మధ్య నుంచి మధ్యకి, బయటి వ్యాసంలోంచి ఒక తీగ మందం తీసేయాలి. 5 మిల్లీమీటర్ల తీగ, 50 వ్యాసం తీసుకుంటే ఈ సూత్రమంతా కుదించుకుపోయి 5ని చుట్ల సంఖ్యతో భాగించడం దగ్గరకి వస్తుంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. 7 చుట్లకి 0.71. మనకి కావాల్సింది అదే. మిషన్ మీద 72 కిలోలు చూపించేవాళ్లకి 0.87 కావాలి, అంటే ఐదున్నరకీ ఆరుకీ మధ్య చుట్లు; 48 చూపించేవాళ్లకి 0.58, ఎనిమిదిన్నర.

తీగ మందం తనతో తనే నాలుగుసార్లు గుణించుకుంటుంది కాబట్టి అక్కడ చిన్న తేడా కూడా పెద్దదే. 5కి బదులు 6 తీసుకుంటే స్ప్రింగు రెండింతలకి పైగా గట్టిపడుతుంది. స్కేలుతో కొలవకండి, వెర్నియర్ కాలిపర్‌తో పెయింటు గీకేసి కొలవండి.

పొడవు సంగతి. సీటు మొత్తం కదలిక మీరు కూర్చునే చోట 45 మిల్లీమీటర్లు అనుకుంటే స్ప్రింగు దగ్గర అది 64. 7 చుట్లు, రెండు చివర్లా మూసిన చుట్టు ఒక్కోటి, మొత్తం 9 చుట్లు పూర్తిగా ఒత్తుకుంటే 45. ఈ రెండూ కలిపి, ఇంకో 10 మిగులు వేసుకుంటే 120 మిల్లీమీటర్ల స్ప్రింగు. చుట్లు ఒకదాన్నొకటి తాకేదాకా స్ప్రింగుని రోడ్డు మీద ఎప్పుడూ వెళ్లనివ్వకూడదు, ఆ మిగులు అందుకే. పొడవు వ్యాసానికి నాలుగు రెట్లు దాటితే నడుమ వంగిపోతుంది, ఇక్కడ రెండున్నర రెట్లు కూడా లేదు కాబట్టి ఆ భయం లేదు.

ఈ కొలతలు రాసిచ్చి స్ప్రింగులు చుట్టేవాళ్ల దగ్గర చేయించుకోవడం అన్నిటికంటే మంచిది, చివర్లు మూసి గ్రైండ్ చేసి ఇమ్మని అడగండి. పాతవి దొరికితే పరీక్షించుకోవచ్చు: స్ప్రింగుని బరువు మిషన్ మీద నిలబెట్టి, పక్కన స్కేలు పెట్టి, పైన చెక్క ముక్కతో 20 మిల్లీమీటర్లు నొక్కండి. మనకి కావాల్సినదైతే మిషన్ 14 కిలోలు చూపిస్తుంది. మిషన్ అంకె ఊగుతుంటే 30 మిల్లీమీటర్లు నొక్కి చూడండి, 21 కిలోల పైన కాస్త రావాలి. ఇంజిను వాల్వ్ స్ప్రింగులు, షాకు స్ప్రింగులు ఈ పనికి మరీ గట్టివి. పొడవు తగ్గించడానికి ఒక చుట్టు కోసేస్తే స్ప్రింగు మెత్తబడుతుందనుకుంటారు, నిజానికి చుట్లు తగ్గితే గట్టిపడుతుంది. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచడం, స్ప్రింగుకి నేరుగా వెల్డింగ్ పెట్టడం అసలు వద్దు, పదును పోతుంది లేదా వెల్డు పక్కన పెళుసుబారి ఒకరోజు నడుస్తుండగానే విరుగుతుంది.

కట్టడం

కొత్త స్ప్రింగుల్ని బిగించే ముందు వైస్‌లో పెట్టి చుట్లు కలిసేదాకా నిదానంగా నాలుగైదు సార్లు నొక్కి వదలండి. కొద్దిగా పొట్టి అవుతాయి, ఆ తర్వాత స్థిరపడతాయి. ఇది ముందే చేయకపోతే సీటు ఎత్తు రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. ముఖం పక్కకి పెట్టుకుని చేయండి.

అడుగు పలకకి 2 మిల్లీమీటర్ల స్టీలు రేకు చాలు, కానీ అంచు చుట్టూ కిందికి మడత పెట్టాలి, అడుగున కీలు నుంచి స్ప్రింగుల దాకా వి ఆకారంలో రెండు పట్టీలు వెల్డ్ చేయాలి. ఎందుకంటే మీరు ఒక పక్కకి ఒరిగినప్పుడు ఆ వైపు స్ప్రింగు ఎక్కువ అణగాలని చూస్తుంది, ఆ మెలికని ఆపేది పలక గట్టిదనం, కీలు వెడల్పు మాత్రమే. అదే కారణంతో కీలు గొట్టం ముక్కు కింద పట్టినంత వెడల్పు పెట్టండి, 70 మిల్లీమీటర్లన్నా ఉండాలి. స్ప్రింగులు కూడా ఒకదానికొకటి 160 నుంచి 180 దూరంలో ఉండేలా చూడండి. కీలుకి 10 మిల్లీమీటర్ల 8.8 గ్రేడ్ బోల్టు (తల మీద 8.8 అని ఉండే గట్టి రకం), లోపల ఇత్తడి లేదా నైలాన్ బుష్ (బోల్టు తిరగడానికి తొడుగు), నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి కుదుపులకి వదులవని నట్టు).

ఫ్రేముకి వెల్డింగ్ పెట్టకండి. ఉన్న సీటు బోల్టుల రంధ్రాలకి వచ్చే బ్రాకెట్టు గానీ, గొట్టం చుట్టూ రెండు ముక్కలుగా బిగించే క్లాంపు గానీ చేయించుకోండి. ఫ్రేమ్ బలం పోదు, నచ్చకపోతే పాత సీటు మళ్లీ పెట్టుకోవచ్చు. వాహనంలో మార్పుల మీద మీ దగ్గరున్న నిబంధనలు కూడా ఒకసారి చూసుకోండి.

స్ప్రింగు కూర్చునే గిన్నెల దగ్గర ఒక మెలకువ ఉంది. సీటు కీలు చుట్టూ తిరుగుతుంది కాబట్టి పై నుంచి కిందిదాకా పలక దాదాపు 12 డిగ్రీలు వాలుతుంది. సీటు ఖాళీగా ఉన్నప్పుడు పై గిన్నె, కింది గిన్నె సమాంతరంగా పెడితే కిందికి దిగేసరికి స్ప్రింగు ఒక పక్కకి పొట్ట పెడుతుంది. మీరు కూర్చుని 20 మిల్లీమీటర్లు దిగిన స్థితిలో సమాంతరంగా వచ్చేలా పెట్టండి, అప్పుడు అటు కాస్త, ఇటు కాస్త వాలి సరిపోతుంది. చెక్క ముక్కలతో సీటుని ఆ ఎత్తులో నిలబెట్టి అప్పుడే గిన్నెలకి టాక్ వెల్డ్ (కదలకుండా చిన్న చుక్కల వెల్డింగ్) కొట్టించుకుంటే కోణం కొలిచే పనే ఉండదు. టాక్ కొట్టేటప్పుడు స్ప్రింగులు తీసేసి, వాటి బదులు ఆ ఎత్తులో అణిగిన స్ప్రింగు ఎంత ఉంటుందో అంత పొడవున్న గొట్టం ముక్కలు పెట్టండి.

ఒక్కో స్ప్రింగు మధ్యలోంచి ఒక 8 మిల్లీమీటర్ల బోల్టు దింపండి. పైన సీటుకి బిగుతుగా, కింద బ్రాకెట్టులో నిలువు కదలికకీ వాలుకీ వీలుగా పొడుగు రంధ్రం, ఆ కింద రబ్బరు వాషరు, నైలాక్ నట్టు. ఈ బోల్టు ఉంటే బైకు ఎగిరినప్పుడు సీటు పైకి లేచిపోదు, స్ప్రింగు గిన్నెలోంచి జారదు. సీటు పూర్తిగా దిగినప్పుడు బోల్టు కింది చివర దేనికి తగులుతుందో కూడా చూసుకోవాలి సుమా, అది 64 మిల్లీమీటర్లు కిందికి పొడుచుకొస్తుంది.

ఆపే రబ్బరు చివరి 15 మిల్లీమీటర్లలో పని మొదలుపెట్టాలి. శంఖు ఆకారంలో ఉన్నది తీసుకోండి, మొన ముందు తాకి మెత్తగా మొదలై పోనుపోను గట్టిపడుతుంది. బల్లపరుపు రబ్బరు ముక్క ఒక్కసారిగా టక్కున ఆపుతుంది, ఆ టక్కుమనడమే వెన్ను మీదికి వస్తుంది.

ఊగుడు ఆపడం

స్ప్రింగు ఒక్కటే ఉంటే గుంత దాటాక కూడా సీటు ఊగుతూనే ఉంటుంది. షాకులో నూనె చేసే పని ఇక్కడ ఘర్షణతో చేయిద్దాం: కీలు గొట్టానికి రెండు పక్కలా, బ్రాకెట్టుకీ గొట్టానికీ మధ్య, 60 మిల్లీమీటర్ల వ్యాసం ఫైబర్ వాషర్లు పెట్టి, నట్టు కింద ఒక డిష్ స్ప్రింగు వాషరు (పళ్లెంలా వంపు ఉండి స్ప్రింగులా ఒత్తే వాషరు) వేయండి. నట్టు బిగించేకొద్దీ ఊగుడు తగ్గుతుంది. బుష్‌కి గ్రీజు పెట్టేటప్పుడు ఈ ఫైబర్ వాషర్లకి అంటకుండా చూడండి. సీటు మీద గట్టిగా నొక్కి ఒక్కసారి వదిలితే పైకొచ్చి ఒక్కసారి మాత్రమే కొద్దిగా ఊగి ఆగాలి. నాలుగైదు సార్లు ఊగితే ఇంకాస్త బిగించండి. నిదానంగా పైకి పాకుతూ వస్తే బిగువు ఎక్కువైనట్టు, చిన్న చిన్న కుదుపులకి సీటు అసలు కదలదు, అప్పుడు మళ్లీ ఫోమ్ మీద కూర్చున్నట్టే.

పైన ఫోమ్ 25, 30 మిల్లీమీటర్లు చాలు, కాస్త గట్టి రకం. ఎముకలు ఎక్కడ ఆనుతున్నాయో తెలుసుకోవాలంటే గట్టి నేల మీద అట్టపెట్టె ముక్క వేసి ఓ నిమిషం కూర్చుని లేవండి, రెండు గుంటలు పడతాయి. ఆ గుంటల మధ్య దూరానికి రెండు పక్కలా మూడేసి వేళ్లు కలిపితే సీటు వెనక వెడల్పు వస్తుంది. రెక్సిన్ కుట్టు ఆ గుంటల మీదికి రాకూడదు. పలక అడుగున నీళ్లు పోవడానికి రెండు రంధ్రాలు పెట్టండి.

రోడ్డెక్కే ముందు

సీటు అంచుకీ ట్యాంకు వెనక అంచుకీ మధ్య వేలు దూరే సందు ఉండాలి. వైర్లు, బ్రేకు గొట్టం స్ప్రింగు దారిలో లేకుండా టైలతో కట్టేయండి. పక్కనుంచి స్ప్రింగులకి రబ్బరు గొట్టమో తోలు తొడుగో వేస్తే బట్టలు, వేళ్లు ఇరుక్కోవు.

తర్వాత మడ్‌గార్డ్ మీద, సీటు అడుగుకి ఎదురుగా, ఒక ముద్ద మెత్తటి బంకమట్టి అతికించండి. ఒక్కో స్ప్రింగు బోల్టు మీద, బ్రాకెట్టుకి పైనుంచి ఆనేలా ఒక కేబుల్ టై బిగుతుగా కట్టండి. తెలిసిన రోడ్డు మీద, తెలిసిన గుంతల మీదుగా నెమ్మదిగా మొదలుపెట్టి ఓ చుట్టు తిరిగి రండి. మట్టి ముద్ద ఎంత పలచబడిందో అదే మిగిలిన ఖాళీ, 20 మిల్లీమీటర్లకి తగ్గితే ఆపే రబ్బరుని ఎత్తు పెంచాలి. టై బోల్టు మీద ఎంత దూరం జరిగిందో అంత కదలిక వాడారన్నమాట. రోజూ తిరిగే రోడ్డు మీద మొత్తం కదలికలో ముప్పావు వంతు వాడుతుంటే స్ప్రింగు సరిగ్గా కుదిరినట్టు. సగం కూడా వాడకపోతే ఒక చుట్టు ఎక్కువున్న స్ప్రింగు, తరచుగా చివరిదాకా వెళ్తుంటే ఒక చుట్టు తక్కువున్నది తీసుకోవాలి. గిన్నె కింద వాషర్లు వేసి ఎత్తితే సీటు ఎత్తు పెరుగుతుందే తప్ప స్ప్రింగు గట్టిదనం మారదు, వాషర్లని ఎత్తు సర్దడానికి మాత్రమే వాడండి.

మొదట్లో హ్యాండిల్ మీద చెయ్యి తేడాగా అనిపిస్తుంది. హ్యాండిల్ కదలదు, మీరు కదులుతారు, కాబట్టి గతుకుల్లో యాక్సిలరేటర్ తెలియకుండానే తిరిగే అవకాశం ఉంది. మోచేతులు వదులుగా పెట్టి, బరువు పాదాల మీదికి తీసుకోవడం అలవాటయ్యేదాకా స్పీడు తగ్గించుకోండి.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించి చూడండి, ఆ తర్వాత చెయిన్‌కి నూనె వేసిన ప్రతిసారీ ఒక చూపు. వెల్డింగ్ చివర్లలో సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది చాలాసార్లు పగులే, సీటు విప్పి బాగుచేయించేదాకా నడపకండి. సీటు వెనక అంచు పట్టుకుని పక్కలకి ఊపండి, టకటకమని ఆడుతుంటే కీలు బుష్ అరిగింది, కొత్తది వేసుకోండి.